ఫ్యాన్ చప్పుడు

ఫిబ్రవరి 23, సోమవారం

మాటల డాక్టరమ్మ మా ఆవిడకి రెండు నోటుబుక్కులు ఇచ్చింది. ఆపరేషన్ అయ్యాక ఏం చెప్పాలన్నా అందులో రాసి చూపించడానికట. ఒకటి తను ఉంచుకుని రెండోది నా ఒళ్ళోకి విసిరింది.

"ఇది మీకు. లోపల దాచుకుని దాచుకుని ఏదో ఒకరోజు కుక్కర్‌లా పేలతారు. రాసి పారేయండి."

"నువ్వు చదువుతావుగా?"

"మీ రాత దేవుడికే అర్థం కాదు, నేనెక్కడ చదవను!"

ఇరవై ఆరేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. నేను రాసేది రిపేరు చీటీలే: ఏం పోయింది, ఏం మార్చాను. అలాగే రాస్తాను. మార్చి ఐదున ఆపరేషన్. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. మెడ కింద కన్నం పెడతారు, ఊపిరి అక్కడినుంచే. మనిషి బతుకుతుంది. గొంతు ఉండదు.

చీటీ రాసినంత తేలిగ్గా రాసేశాను చూడు.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఉపాయం డాక్టరమ్మదే. గొంతు పోకముందే రికార్డు చేసి పెట్టుకుంటే, తర్వాత తను టైపు చేసిన మాటల్ని కంప్యూటరు తన గొంతుతోనే పలుకుతుందట. పదిహేను వందల వాక్యాలు చదవాలి. జాబితా ఇచ్చింది. "వర్షం వచ్చేలా ఉంది." "తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు." "నాకు నీళ్ళు కావాలి."

మధ్య గదిలో కిటికీలకి దుప్పట్లు కట్టి, కుట్టుమిషను పక్కకి జరిపి, కంప్యూటరు ముందు మైకు పెట్టాను. ఆ కంప్యూటరు నేను పనిచేసే దుకాణంలో దొరికిన కంపెనీ పెట్టె. అన్నీ బిగించి అమ్మే రకం. మనిషి కాస్త గట్టిగా తుమ్మితే చాలు, దాని ఫ్యాన్ గుయ్యిమని లేస్తుంది.

ఇరవై వాక్యాలు చదివి మైకు పక్కకి తోసింది. "నా గొంతు పోతోంది సరే. దీనికేం రోగం, ఇది పోదేం? నాకంటే ఇదే ఎక్కువ మాట్లాడుతోంది."

నవ్వాను. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి కాసేపు కుళాయి తిప్పుకుని కూర్చున్నాను.

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఆరు వందల పన్నెండు. గొంతు బొంగురుపోతోంది. మధ్యమధ్య గోరువెచ్చని నీళ్ళు.

మరదలు వచ్చింది, సాయంగా ఉండటానికి. అక్కచెల్లెళ్ళ గొంతు ఒకటే. పెళ్ళైన కొత్తలో ఫోన్‌లో మరదలితో పావుగంట సరసాలాడి, "బావా, అక్కని పిలవనా?" అనిపించుకున్నవాణ్ణి. ఆ కథ ఇవాళ మళ్ళీ చెప్పుకుని ఇద్దరూ నా ముందే పడీపడీ నవ్వారు.

వైరు కొస కత్తిరించాలని చేతికందిన కత్తెర తీసుకున్నాను. మా ఆవిడ స్కేలుతో చేతి మీద ఒక్కటిచ్చింది. గుడ్డ కత్తెరతో గుడ్డ తప్ప ఇంకేదీ కత్తిరించకూడదు. కాగితానికి వేరే కత్తెర. ఇంట్లో ఏ కాగితమైనా ఆ కాగితం కత్తెరకే బలి. నా రిపేరు చీటీలు, పాత బిల్లులు, పెళ్ళి పిలుపులు, అన్నీ తను కుట్టే బట్టలకి అచ్చులుగా మెడలూ చేతులూ కాలర్లూ అయిపోయి గోడ మేకుకి వేలాడుతుంటాయి.

"జాబితాలో ఉన్నవి నేనెప్పుడంటానండీ? నేననేవి వేరే ఉన్నాయి," అని తన సొంత వాక్యాలు మొదలుపెట్టింది. "తడి తువ్వాలు మంచం మీద వేయకండి." "ఆ కత్తెర ముట్టుకుంటే చేతులు విరుగుతాయి." "ఇంకో అయిదు నిమిషాలంటే ఎన్ని గంటలు?" అన్నీ నా మీదే. ఇవాళ్టికి పద్దెనిమిది.

మార్చి 1, ఆదివారం

పదిహేను వందలు అయిపోయాయి. పైన తన సొంతవి అరవై మూడు. చివరిది చదివి మైకు మీద ఒక ముద్దు పెట్టింది. అదీ రికార్డైంది.

డాక్టరమ్మ చెప్పిన సంస్థకి ఇవన్నీ పంపితే వాళ్ళే గొంతు తయారుచేసి పంపుతారు. నేనే వద్దన్నాను. నీ గొంతు ముక్కూమొహం తెలియనివాళ్ళ చేతిలో ఎందుకు? ఇరవై ఆరేళ్ళ అనుభవం నాది. ఇంట్లోనే చేస్తాను. ప్రోగ్రాం దొరుకుతుంది, ఒక పెద్ద గ్రాఫిక్స్ కార్డు తగిలిస్తే చాలు.

"పంపేద్దామండీ, గొడవుండదు."

"నా మీద నమ్మకం లేదా?"

ఆ మాట అన్నాక తను ఇంకేం అంటుంది?

మార్చి 2, సోమవారం

కార్డు తెచ్చి పెట్టాను. పెట్టె దాన్ని చూడనే చూడదు. కారణం దాని ఫర్మ్‌వేర్. అదేమిటని తను అడిగింది.

"మీట నొక్కగానే అన్నిటికంటే ముందు లేచేది. అది లేచి తక్కినవాళ్ళని లేపుతుంది."

"అంటే నేనన్నమాట."

"నువ్వే. ఈ పెట్టె కంపెనీవాడు ఆ ఫర్మ్‌వేర్‌ని తన ఇష్టానికి కట్టేశాడు. మేం పెట్టిన కార్డే పెట్టాలి, మేం చెప్పినట్టే ఫ్యాన్ తిరగాలి అని. కానీ లోపలి బోర్డు అచ్చం బజార్లో విడిగా అమ్మేదే. విడి బోర్డుకి ఇచ్చే ఫర్మ్‌వేర్ దీని చిప్‌లో రాసేస్తే కట్లు తెగిపోతాయి. కార్డు పనిచేస్తుంది, ఫ్యాన్ కూడా నోరు మూసుకుంటుంది."

తను మిషను తొక్కడం ఆపింది. "పనిచేస్తున్నదాన్ని ఎందుకండీ కెలకడం? చేస్తే నేను ఇంటికొచ్చాక చేయండి. నేను లేనప్పుడు దాని జోలికెళ్ళొద్దు. ఒట్టు?"

"ఒట్టు."

రికార్డింగులకి ఇంకా కాపీ తీయలేదు. వెనక ఫ్యాన్ రొద తుడిచేశాక తీస్తాను. చెత్తతో సహా రెండు చోట్ల ఎందుకు?

మార్చి 4, బుధవారం

ఆసుపత్రిలో చేర్చాం. మంచం మీద కూర్చుని మెడకి కట్టుకునే గుడ్డలు చేత్తో కుట్టుకుంటోంది. కన్నం మీద కప్పుకోవాలి కదా, ఆసుపత్రివాళ్ళిచ్చేవి దుమ్ము గుడ్డల్లా ఉన్నాయట. పువ్వులవి నాలుగు, చారలవి రెండు.

మామూలుగా గలగలా వాగే మనిషి ఇవాళ పొదుపుగా మాట్లాడింది. ఆఖరి రోజు కదా అని నేను మాట్లాడించబోతే, "వాగకపోతే మిగులుతుందా ఏంటి?" అంది. మళ్ళీ తనే, "రేపు పొద్దున్నే వచ్చేయండి. లోపలికి తీసుకెళ్ళేదాకా నాతోనే ఉండండి," అంది.

మార్చి 5, గురువారం

ఆపరేషన్ అయింది. బాగా జరిగిందన్నారు. మధ్యలో నేను శాలువా కోసం ఇంటికి వెళ్ళి వచ్చాను.

మార్చి 6, శుక్రవారం

నిన్నటిది సరిగ్గా రాయలేదు.

పొద్దున ఏడింటికే ఆసుపత్రికి వెళ్ళాను. పదకొండింటికి తీసుకెళ్తామన్నారు. తనకి చేతికి సూది గుచ్చి సీసా తగిలించారు. చలిగా ఉందంది. శాలువా తెస్తానని లేచాను. మరదలు వెళ్తానంది. కాదు, నేనే వెళ్తానన్నాను. ఎనిమిదిన్నర.

ఇంట్లో శాలువా బీరువాలో పైనే ఉంది. తీసి కుర్చీ మీద వేశాను. ఎదురుగా ఆ పెట్టె. ఇంకా రెండు గంటల పైనే టైముంది. చిప్ రాయడానికి అరగంట చాలు. తను లేచేసరికి గొంతు తయారీ మొదలై ఉంటుంది. ఇంటికొచ్చేసరికి అది తన గొంతుతో "తడి తువ్వాలు" అంటుంది. ఇలా అనుకున్నాను. ఇదంతా తన కోసమే.

నా పద్ధతి నాది. చిప్ రాసేటప్పుడు ఫోన్ మోగకుండా చేసి వేరే గదిలో పెడతాను. సగంలో చెయ్యి కదిలితే బోర్డు చచ్చినట్టే. ముందు పాత ఫర్మ్‌వేర్‌ని రెండుసార్లు చదివి రెండు కాపీలూ ఒకటేనా అని సరిచూస్తాను. ఆ తర్వాతే కొత్తది రాస్తాను. అన్నీ అలాగే చేశాను. మొదటిసారి చిప్‌ని పట్టుకునే క్లిప్పు సరిగ్గా కూర్చోక కాపీలు కలవలేదు. మళ్ళీ చదివాను. టైము పట్టింది.

మీట నొక్కాను. తెర మీద ఏదో అడిగింది, జవాబిచ్చాను. కార్డు పేరు కనిపించింది. ఫ్యాన్ చప్పుడే లేదు. చెవి పెట్టి వింటే తప్ప తిరుగుతున్నట్టు తెలియదు. ఎగిరి గంతేశాను, ఒక్కణ్ణే, ఇంట్లో.

ఆసుపత్రికి చేరేసరికి పదకొండుంపావు. వరస మారిందట, పదింటికే లోపలికి తీసుకెళ్ళిపోయారు. బల్ల మీద మరదలు ఒక్కతే.

"ఎక్కడికి పోయావు బావా? అక్క నాలుగుసార్లు ఫోన్ చేసింది. లోపలికెళ్తూ కూడా గుమ్మంవైపే చూసింది."

"శాలువా కోసం చెప్పాగా."

నా ఖాళీ చేతులవైపు చూసింది. శాలువా కుర్చీ మీదే ఉండిపోయింది.

"నీకు చెప్పమని ఏదో..." అని మొదలుపెట్టింది. "తర్వాత చెబుదువుగానిలే," అన్నాను. ముఖం తిప్పుకుంది. "నువ్వే అడుగు అయితే. అప్పుడు చెప్తా," అంది.

మార్చి 7, శనివారం

నీలం తెర.

రెండేళ్ళ క్రితం వీధిలో దొంగలు పడ్డప్పుడు ఈ డిస్కుకి నేనే తాళం వేశాను. ఎవరైనా ఎత్తుకుపోయినా లోపలివి చదవలేకుండా. రోజూ దానంతటదే తెరుచుకుంటుంది కాబట్టి తాళం ఉందన్న సంగతే మర్చిపోయాను. అది బోర్డుని గుర్తుపట్టి తెరుచుకునే తాళం. ఇప్పుడు బోర్డు కొత్త ఫర్మ్‌వేర్‌తో వేరే మనిషిలా నిలబడితే, నువ్వెవరు, నలభై ఎనిమిది అంకెలు చెప్పు అంటోంది.

రికార్డింగులన్నీ లోపలే. కంగారేం లేదు. పాత ఫర్మ్‌వేర్ కాపీ ఉంది, అది తిరిగి రాసేస్తే గుర్తుపడుతుంది.

మార్చి 8, ఆదివారం

పాతది తిరిగి రాశాను. ఫ్యాన్ మళ్ళీ గుయ్యిమంది. తాళం తెరుచుకోలేదు.

మొన్న తెర మీద ఏదో అడిగిందని రాశాను కదా. ఏం అడిగిందో నాకు తెలుసు. "పాత గుర్తులు చెరిపేయమంటారా? డిస్కుకి తాళం ఉంటే నంబరు లేకుండా మళ్ళీ తెరుచుకోదు" అని. తాళాల్లేని కంప్యూటర్లకి దుకాణంలో రోజుకి పదిసార్లు అదే తెర. పదిసార్లూ అవునని నొక్కుతాను. ఇంట్లోనూ వేలు దానంతటదే వెళ్ళి నొక్కింది. చదవలేదు. ఒక్క నిమిషం ఆగి చదివి ఉంటే!

దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్తాను: "రెండు చోట్ల లేనిది ఒక్కచోటా లేనట్టే సార్, కాపీ తీసుకోండి." చెప్పేవాడికి వినేవాడు లోకువ.

మార్చి 9, సోమవారం

ఆ అంకెలు అప్పట్లో దుకాణంలో కాగితం మీద అచ్చువేసి తన చేతికే ఇచ్చాను. "ఇది బంగారంలా దాచు. నా దగ్గరుంటే పోతుంది." దాస్తానంది. ఇవాళ బీరువా, పెట్టెలు, బిల్లుల సంచి, పరుపు కింద, అంతా వెతికాను. గోడ మేకుకున్న కాగితాలన్నీ దించి ఒక్కొక్కటీ తిప్పి చూశాను. మెడలు, చేతులు, కాలర్లు. అంకెలు ఎక్కడా లేవు. మిషను సొరుగు తీయలేదు. అది తనది, అందులో సూదులూ దారాలే ఉంటాయి.

తననే అడగొచ్చు. అడిగితే ఎందుకని అడుగుతుంది.

మార్చి 10, మంగళవారం

మరదలు కాఫీ ఇస్తూ నన్నే చూసింది. అక్క ఏం చెప్పమందో అడగాలి. రేపు అడుగుతాను.

మార్చి 11, బుధవారం

తనని గదిలోకి మార్చారు. మెడ చుట్టూ చారల గుడ్డ. ముఖం చిన్నదైపోయింది. నోటుబుక్కు వద్దని తెల్ల పలక తెప్పించుకుంది, తుడిచేయొచ్చని. మొదట రాసిన మాట: "గడ్డం గీసుకోండి, చూడలేకపోతున్నా."

రెండోది: "పెట్టె జోలికెళ్ళలేదు కదా?"

తల అడ్డంగా ఊపాను.

నవ్వింది. నోరు నవ్వింది, చప్పుడు మెడలోంచి గాలిలా వచ్చింది. నాకు తెలియకుండానే వెనక్కి జరిగాను. తను చూసింది.

మరదల్ని అడగలేదు.

మార్చి 12, గురువారం

అడగలేదు.

మార్చి 14, శనివారం

డాక్టరమ్మ వచ్చింది. "రికార్డింగులు భద్రంగా ఉన్నాయి కదండీ? కాపీ తీసుకున్నారా?" అంది. మామూలుగా అడిగే మాటే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "మూడుచోట్ల ఉన్నాయండీ," అన్నాను. మూడని ఎందుకన్నానో నాకే తెలియదు. మా ఆవిడ పలక మీద రాసి డాక్టరమ్మకి చూపించింది: "మా ఆయన ఈ పనిలో మొనగాడు."

ఇంక అక్కడ కూర్చోలేక మందుల చీటీ పట్టుకుని కిందికి వచ్చేశాను.

మరదలు మెట్ల దగ్గర ఎదురైంది. నోటిదాకా వచ్చింది. అడిగితే ఏం చెప్తుంది? 'నన్ను ఒంటరిగా వదిలేశారు' అని ఉంటుంది. అదే అయి ఉంటుంది. తన గొంతుతో అన్న ఆఖరి మాట అదే అయితే, అది వినకుండా ఉండటమే నయం.

మార్చి 16, సోమవారం

రేపు ఇంటికి తీసుకొస్తాం. వస్తూనే మీట నొక్కుతుంది, నీలం తెర చూస్తుంది. అంకెల కాగితం ఇక లేదు, దొరకదు. అది లేకుండా ఆ తాళం ఎవరూ తీయలేరు, నా బతుకంతా చెప్పిన మాటే. తెరవలేని డిస్కు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

డిస్కు తుడిచేశాను. కొత్తగా అన్నీ ఎక్కించాను. విడి బోర్డు ఫర్మ్‌వేర్‌ కూడా మళ్ళీ రాశాను. కనీసం ఆ పనైనా దక్కాలి కదా. ఫ్యాన్ నిశ్శబ్దంగా ఉంది. తెర శుభ్రంగా ఉంది.

ఇందులో మోసం ఏమీ లేదు.

మార్చి 17, మంగళవారం

వచ్చింది. గుమ్మంలో నిలబడి ఇల్లంతా చూసింది. మిషను మీద దుమ్ము వేలితో తీసి నా చొక్కాకి రాసింది. నన్ను పిలవాలంటే ఇప్పుడు కత్తెరతో బల్ల మీద రెండుసార్లు కొడుతుంది. టక్ టక్. గుడ్డ కత్తెరతో మాత్రం కాదు.

మార్చి 19, గురువారం

పలక: "నా గొంతు ఎంతవరకు వచ్చింది?"

"అవుతోంది. టైము పడుతుంది."

పలక: "ఇంకో అయిదు నిమిషాలా?"

రాసి, కళ్ళు పెద్దవి చేసి నా నవ్వు కోసం చూసింది. నవ్వాను. తేలు కుట్టిన దొంగ బతుకైపోయింది నాది. దుకాణంలో పెద్దాయన, అదే మా యజమాని, "ఇంటి దగ్గర అంతా బాగుందా?" అంటే కూడా ఉలిక్కిపడుతున్నాను.

మార్చి 21, శనివారం

దొరికింది.

మధ్యాహ్నం ఇంకో రెండు మెడ గుడ్డలు కుట్టాలని కూర్చుంది. టక్ టక్. వెళ్ళాను. ఆసుపత్రి సంచిలోంచి ఒక కాగితం ముక్క తీసింది, మెడ గుడ్డ ఆకారంలో అర్ధచంద్రంలా ఇదివరకే కత్తిరించి ఉన్నది. మిషను సొరుగు లాగి, దారాల కిందనుంచి ఇంకో ముక్క తీసింది. అది మిగిలిన భాగం. రెంటినీ బోర్లా తిప్పి, అంచులు కలిపి గుండుసూది గుచ్చి, నా ముందు పెట్టింది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది కట్టలు. ఒక్క అంకె పోలేదు. కత్తెర రెండు కట్టల మధ్యనుంచి వెళ్ళింది.

పలక మీద రాసింది: "బంగారంలా దాచమన్నారు, గుడ్డిదాన్ని, కత్తిరించేశా. ఆసుపత్రిలో చూసుకుని గుండె ఆగింది. ఆ రోజు ఫోన్ చేసింది ఇది చెబుదామనే. మీరెత్తకపోతే చెల్లికి చెప్పా. చెప్పలేదా?"

కూర్చున్నాను.

తాళం చెవి నా చేతిలో ఉంది. తలుపు మొన్న సోమవారం నేనే కూలగొట్టాను. ఆ అయిదోతారీఖున ఫోన్ ఎత్తి ఉంటే! పోనీ, ఆ తర్వాత పదకొండు రోజుల్లో ఏ ఒక్కరోజైనా, కాఫీ అందుకుంటూనైనా, మెట్ల దగ్గరైనా, మరదల్ని ఒక్క మాట అడిగి ఉంటే! పదిహేను వందల వాక్యాలూ ఆ అరవై మూడూ ఆ ముద్దూ అప్పటికి లోపలే ఉన్నాయి. చెక్కుచెదరకుండా ఉన్నాయి.

చెప్పేశాను. శాలువా దగ్గరనుంచి మొదలుపెట్టి అన్నీ. ఆసుపత్రిలో నేను తల అడ్డంగా ఊపడం అబద్ధమని. డిస్కు తుడిచేశానని.

తను పలక అందుకుని ఒక్క మాట రాసింది: "కాపీ?"

లేదన్నాను.

పలక తుడిచింది. శుభ్రమయ్యాక కూడా చాలాసేపు తుడుస్తూనే ఉంది. తర్వాత నావైపు చూసి పెదవులు కదిపింది. ఏమందో తెలియలేదు. ఎందుకు అని అడిగిందేమో. గాలి మాత్రం వినిపించింది.

మార్చి 22, ఆదివారం

పలక ఖాళీ.

మార్చి 23, సోమవారం

ఖాళీ. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళకి రాసి చూపిస్తోంది. మరదలికి బోలెడు రాస్తోంది. నేను గదిలోకి రాగానే పలక బోర్లా పెట్టేస్తుంది. టక్ టక్ కూడా లేదు. గొంతు లేనివాళ్ళు కూడా మనతో మాట్లాడటం మానేయగలరని నాకు తెలియదు.

మార్చి 25, బుధవారం

తడి తువ్వాలు కావాలనే మంచం మీద వేశాను. వచ్చి చూసింది. తీసి తాడు మీద ఆరేసి వెళ్ళిపోయింది.

మార్చి 27, శుక్రవారం

పడుకుని తన గొంతు గుర్తుచేసుకుందామని చూశాను. "ఏవండీ" అన్న మాట ఒక్కటే వస్తోంది. దాని వెనక ఫ్యాన్ రొద. రికార్డు చేసిన ఆ ఆరు రోజులూ రెండూ కలిసే వినిపించాయి కదా, ఇప్పుడు విడదీయలేకపోతున్నాను. నెల కూడా కాలేదు, అప్పుడే ఇలా ఉంటే రేపు ఏం మిగులుతుంది?

మార్చి 29, ఆదివారం

మరదలు తనింటికి వెళ్ళిపోతోంది. బస్సు దగ్గర సంచి అందిస్తూ అడిగాను. ఇరవై నాలుగు రోజులు ఆలస్యంగా.

"ఆ రోజు అక్క ఏం చెప్పమంది?"

"ఇప్పుడా బావా?"

"ఇప్పుడే. మొత్తం చెప్పు. తిట్టినవీ చెప్పు."

సంచి కింద పెట్టింది. "బండి తోసుకెళ్తుంటే నా చెయ్యి పట్టుకుంది. 'మీ బావ తాళం నంబర్ల కాగితం కత్తిరించేశానే. సగం నా సంచిలో ఉంది, సగం మిషను సొరుగులో. మర్చిపోకుండా చెప్పు' అంది. ఇంత విలువైనదని నాకేం తెలుసు బావా? తెలిస్తే నువ్వు అడగకపోయినా అరిచి చెప్పేదాన్ని." కళ్ళు తుడుచుకుంది.

"అంతేనా?"

"లేదు. తలుపు దగ్గర బండి ఆపించి మళ్ళీ పిలిచింది. నేను నీ మీద మండిపడుతున్నాను అప్పటికి. 'ఫోన్ ఎత్తట్లేదంటే ఇంటికెళ్ళి ఆ పెట్టె విప్పుకుని కూర్చునుంటారు. భయమేస్తే అంతే ఆయన, ఏదో ఒకటి విప్పుతారు. వచ్చాక తిట్టకు పాపం' అంది. తలుపు వేసేశారు."

అక్కచెల్లెళ్ళ గొంతు ఒకటే. బస్సుల రొదలో, అంతమంది మధ్యలో నిలబడి, మా ఆవిడ ఆఖరి మాట మా ఆవిడ గొంతులోనే విన్నాను. నన్ను తిట్టొద్దని చెప్పడానికి వాడేసింది దాన్ని.

నేను దేనికి భయపడి అడగలేదో అది అసలు లేనే లేదు.

మార్చి 30, సోమవారం

దుకాణానికి వెళ్ళలేదు. పొద్దున పది గంటలకి పెట్టె విప్పాను. ఫోన్ పక్కనే పెట్టుకున్నాను, మోత పూర్తిగా పెంచి. కాపీలు రెండూ ఉన్నాయి, ఒకదానికొకటి సరిపోయినవి. కంపెనీవాడి పాత ఫర్మ్‌వేర్‌ని తిరిగి చిప్‌లో రాశాను. తెర మీద అడిగిన ప్రతి మాటా చదివాను. కార్డు పీకేశాను, దానితో ఇక పనేముంది?

మీట నొక్కగానే ఫ్యాన్ గుయ్యిమని లేచింది. ఇల్లంతా నిండిపోయింది.

పక్కగదిలో మిషను ఆగింది. తను వచ్చి గుమ్మంలో నిలబడింది. మెడకి పువ్వుల గుడ్డ. తల కొంచెం పక్కకి వంచి వింటోంది. నోరు తెరిచి ఏదో అనబోయి మూసుకుంది. తొమ్మిది రోజుల తర్వాత నా ముఖంలోకి చూసింది.

"మరదలు చెప్పింది," అన్నాను. "నిన్న అడిగాను. ఆలస్యంగా." చప్పుడు మరీ ఎక్కువగా ఉందేమోనని మీట మీదికి చెయ్యి చాచాను.

తను గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది. వెళ్ళి పలక తెచ్చుకుంది. రాసి నావైపు తిప్పింది.

"ఉంచండి. అదైనా మాట్లాడనీ."

వెళ్ళి మళ్ళీ మిషను ముందు కూర్చుంది. నేను ఇక్కడ కూర్చుని ఇది రాస్తున్నాను. ఆపలేదు, తిరుగుతూనే ఉంది.